కృష్ణ పదార్థము, కృష్ణ శక్తి: కనబడని దానిని తూచిన కథ

సూర్యుని ఎవరును త్రాసులో పెట్టి తూచలేదు. అయినను సూర్యుని ద్రవ్యరాశి భూమి ద్రవ్యరాశికి సుమారు 3 లక్షల 33 వేల రెట్లని పాఠ్యపుస్తకములు చెప్పుచున్నవి. ఈ సంగతి ఎట్లు తెలిసినది? భూమి సూర్యునికి దాదాపు 15 కోట్ల కిలోమీటర్ల దూరమున, సెకండుకు సుమారు 30 కిలోమీటర్ల వేగముతో తిరుగుచున్నది. అంత వేగముతో పోవు వస్తువు కక్ష్య విడిచి పారిపోకుండ నిలుపుటకు కొంత ఆకర్షణ కావలెను. ఆ ఆకర్షణకు తగిన ద్రవ్యరాశి సూర్యునియందు ఉండవలెను. అది ఎంతయో న్యూటన్ 1687లో ప్రకటించిన గురుత్వాకర్షణ సూత్రము చెప్పును. తిరుగుదాని వేగము, దూరము తెలిసినచో, త్రిప్పుదాని ద్రవ్యరాశి తెలియును. ఖగోళ శాస్త్రజ్ఞుల త్రాసు ఇదియే.

వారికి మరియొక త్రాసు కూడ కలదు. అది వెలుగు. ఒక నక్షత్రము ఎంత కాంతి నిచ్చుచున్నదో, దాని రంగు ఎట్టిదో తెలిసినచో, అందు ఎంత పదార్థమున్నదో అంచనా వేయవచ్చును. నక్షత్రముల గుంపునకును ఇట్లే లెక్క కట్టవచ్చును. రెండు త్రాసులును ఒకే లెక్క చూపినచో చిక్కు లేదు. చూపనిచో నేమి చేయవలెను?

ఇరువదవ శతాబ్దమున విశ్వమంతటను ఈ రెండు త్రాసులకు పొంతన కుదరలేదు. నక్షత్రములు, గ్రహములు, వాయువులు, ధూళి, చెట్లు, మనుష్యులు, అనగా పరమాణువులతో నైన సమస్తమును కలిపినను విశ్వము మొత్తములో సుమారు 5 శాతము మాత్రమేనని నేటి లెక్క. దాదాపు 27 శాతము కృష్ణ పదార్థము. మిగిలిన 68 శాతము కృష్ణ శక్తి. ఆంగ్లమున వీనిని డార్క్ మాటర్ అనియు, డార్క్ ఎనర్జీ అనియు పిలుతురు. కృష్ణ అనగా ఇచట నల్లనిదని అర్థము కాదు. అది వెలుగు నీయదు, వెలుగును అడ్డగింపదు. ఎవరును చూడని దానిని ఉన్నదని చెప్పుట శాస్త్రమా, లేక ఊహయా? ఈ ప్రశ్నకు సమాధానము ఆ లెక్కల చరిత్రలోనే యున్నది.

మూడు పాత కథలు

1844లో జర్మనుడగు బెస్సెల్, ఆకాశమున మిగుల కాంతివంతమైన మృగవ్యాధ నక్షత్రము, అనగా సిరియస్, తిన్నని దారిని పోక కొంచెము అటునిటు తూగుచున్నదని గమనించెను. కంటికి కనబడని తోడు నక్షత్రమొకటి దానిని లాగుచున్నదని ఆయన చెప్పెను. 1862లో అమెరికాలో ఆల్వన్ క్లార్క్ క్రొత్త దూరదర్శినిని పరీక్షించుచుండగా ఆ తోడు నక్షత్రము మినుకుమినుకుమని కనబడెను.

యురేనస్ గ్రహము కూడ లెక్క ప్రకారము నడువలేదు. దానికి ఆవల నున్న తెలియని గ్రహమొకటి లాగుచున్నదని తలచి, ఫ్రాన్సులో లెవెర్యే ఆ గ్రహముండవలసిన చోటును కాగితముమీద లెక్కించెను. ఇంగ్లండులో ఆడమ్స్ అను యువకుడును అట్టి లెక్కనే చేసెను. 1846 సెప్టెంబరు 23వ తేదీ రాత్రి బెర్లిన్ వేధశాలలో గాలె దూరదర్శినిని త్రిప్పి చూడగా, లెవెర్యే చెప్పిన చోటికి ఒక డిగ్రీ లోపలనే నెప్ట్యూన్ గ్రహము చిక్కెను.

మూడవ కథ వేరు. బుధగ్రహపు కక్ష్య క్రమముగ తిరుగుటలో స్వల్పమైన తేడా మిగులుచున్నదని 1859లో లెవెర్యేయే చూపెను. ఈసారి కూడ ఆయన తెలియని గ్రహమునే తలచెను. సూర్యునికి మిగుల సమీపమున నున్నదని తలచిన ఆ గ్రహమునకు వల్కన్ అని పేరు కూడ పెట్టిరి. సంవత్సరముల తరబడి వెదకిరి. వల్కన్ కనబడలేదు, ఏలయన అది లేదు. 1915లో ఐన్‌స్టీన్ తన సామాన్య సాపేక్ష సిద్ధాంతముతో ఆ తేడాను, శతాబ్దమునకు 43 వికలలను, సరిగా లెక్కించి చూపెను. అక్కడ కొరవడినది గ్రహము కాదు, న్యూటన్ సూత్రమునకు సవరణ.

లెక్క తప్పినపుడు కనబడని వస్తువైనను ఉండవలెను, తెలిసిన సూత్రమైనను మారవలెను. ఏది నిజమో ముందుగా చెప్పుటకు వీలులేదు. కృష్ణ పదార్థపు చరిత్రయంతయు ఈ రెండు మార్గముల నడుమ జరిగిన పరీక్షయే.

వేగమును చెప్పు కాంతి

దూరపు గెలాక్సీ వేగమును కొలుచుట ఎట్లు? స్టేషనులో ఆగక పోవు రైలు కూత, దగ్గరకు వచ్చునపుడు హెచ్చు స్థాయిలోను, దాటిపోవునపుడు తగ్గు స్థాయిలోను వినబడును. కాంతికిని ఇట్టి మార్పు కలదు. దగ్గరకు వచ్చు వస్తువు వర్ణపటములోని గీతలు నీలివైపునకు, దూరమగు వస్తువు గీతలు ఎరుపువైపునకు జరుగును. ఎంత జరిగినదో కొలిచినచో వేగము తెలియును.

ఈ విద్య పదునెక్కినది 1868 ప్రాంతమున. ఆ సంవత్సరము ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ మన గుంటూరునకు వచ్చి, సూర్యబింబపు అంచున లేచు జ్వాలల కాంతిని వర్ణదర్శినితో పరీక్షించెను. ఆ సంవత్సరమే ఇంగ్లండులో హగ్గిన్స్ సిరియస్ వర్ణపటపు గీతల జరుగుబాటును కొలిచి, ఒక నక్షత్రము మనకు దగ్గరగుచున్నదో దూరమగుచున్నదో తెలిసికొనుటకు తొలి ప్రయత్నము చేసెను. తరువాతి చరిత్రలో ప్రతి మలుపునను వర్ణపటమే సాక్షి.

జ్వికీ లెక్క

కోట్లకొలది నక్షత్రముల సముదాయమునకు గెలాక్సీ యని పేరు. సూర్యుడున్న పాలపుంత అట్టిది. గెలాక్సీలు కూడ గుంపులు కట్టును. కోమా గుచ్ఛమని పిలువబడు గుంపులో వందలకొలది గెలాక్సీలు కలవు. స్విట్జర్లండు దేశస్థుడై కాలిఫోర్నియాలో పనిచేయుచుండిన ఫ్రిట్జ్ జ్వికీ 1933లో ఆ గెలాక్సీల వేగములను పరిశీలించెను. వాని వేగములలో సెకండుకు 1000 కిలోమీటర్లకు మించిన భేదములు కనబడెను. అంత వేగముతో పరుగెత్తు గెలాక్సీలు గుంపు విడిచి ఏనాడో చెదరిపోవలసినది. చెదరక నిలిచినవనగా వానిని పట్టియుంచు ద్రవ్యమున్నదన్నమాట. కనబడు పదార్థమునకు 400 రెట్లు పదార్థము కావలెనని ఆయన లెక్క తేల్చెను. జర్మను భాషలో వ్రాసిన ఆ వ్యాసమున, కనబడని ఆ భాగమునకు కృష్ణ పదార్థమను పేరునే వాడెను.

ఈ 400 అను సంఖ్య నేడు నిలువదు. ఆ కాలమున గెలాక్సీల దూరములను దాదాపు ఎనిమిదవ వంతుగా మాత్రమే ఎంచియుండిరి. దూరమును సరిదిద్దగా ఆ సంఖ్య సుమారు 50కి దిగును. తరువాత ఎక్స్-కిరణ దూరదర్శినులు వచ్చిన పిమ్మట, గెలాక్సీల నడుమ కోట్ల డిగ్రీల వేడిమి గల పలుచని వాయువు నిండియున్నదనియు, నక్షత్రములన్నిటికంటె ఆ వాయువే బరువైనదనియు తెలిసినది. దానిని కూడ జమ కట్టగా, సామాన్య పదార్థమునకు ఐదారు రెట్లు మాత్రము లెక్కకు రాక మిగిలినది. సంఖ్య మారినది, సమస్య తీరలేదు.

జ్వికీ మాటను నలుబది యేండ్లు ఎవరును అంతగా చెవిని పెట్టలేదు. ఒక గుచ్ఛమునందలి వేగములలో పొరపాటుండవచ్చును, అది నిలకడ లేని గుంపై యుండవచ్చును అని సందేహములకు తావుండెను. నమ్మకమైన సాక్ష్యము ఒంటరి గెలాక్సీల నుండి రావలసియుండెను.

దేవయాని అంచున

సౌరకుటుంబమున దూరము పెరిగిన కొలది గ్రహముల వేగము తగ్గును. భూమి వేగము సెకండుకు 30 కిలోమీటర్లు. ఐదు రెట్ల దూరమున గురుని వేగము 13. ముప్పది రెట్ల దూరమున నెప్ట్యూన్ వేగము 5.4 మాత్రమే. దూరము నాలుగు రెట్లయినచో వేగము సగమగునని విద్యార్థులు లెక్క వేసి చూచుకొనవచ్చును. ద్రవ్యరాశి దాదాపు అంతయు నడుమనున్న సూర్యునియందే ఉండుటచేత ఇట్లు జరుగును. గెలాక్సీలలో కూడ కాంతి నడిభాగమున దట్టముగ నుండి, అంచుల యందు పలుచబడును. కనుక అంచుననున్న నక్షత్రములు మెల్లగా తిరుగవలెనని అందరును అనుకొనిరి.

ఈ నమ్మకమును కదల్చినవారిలో వెరా రూబిన్ ముఖ్యురాలు. ఆమె 1928లో ఫిలడెల్ఫియాలో జన్మించెను. ఆమె పట్టభద్రురాలైన 1948లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయపు ఖగోళ శాఖ పై చదువులకు స్త్రీలను చేర్చుకొనలేదు. ఆ తలుపు 1975లో గాని తెరువబడలేదు. ఆమె కార్నెల్‌లో ఎం.ఎస్. పట్టమును, జార్జ్‌టౌన్‌లో డాక్టరేటును పొందెను. పాలొమార్ వేధశాలలో పరిశీలనకు అధికారికముగ అనుమతి పొందిన తొలి మహిళ కూడ ఆమెయే, అది 1965లో.

వాషింగ్టన్‌లోని కార్నెగీ సంస్థలో ఆమె సహచరుడు కెంట్ ఫోర్డ్, మందమైన కాంతిని పలు రెట్లు హెచ్చించు ఎలక్ట్రానిక్ నాళికతో క్రొత్త వర్ణపటలేఖినిని నిర్మించెను. వారిరువురును దానిని మనకు సమీపమున నున్న పెద్ద గెలాక్సీయగు దేవయానివైపు, అనగా ఆండ్రోమిడావైపు త్రిప్పిరి. ఆ గెలాక్సీలో మెరయుచున్న 67 వాయుమేఘముల వేగములను కేంద్రమునుండి సుమారు 78 వేల కాంతి సంవత్సరముల వరకు కొలిచి, 1970లో ప్రకటించిరి. అంచునకు పోయినను వేగము తగినంతగా తగ్గలేదు. సెకండుకు దాదాపు 200 కిలోమీటర్లు, అంతకు మించియు నుండెను. వారు ఆ వేగములను నివేదించిరే గాని దానిపై పెద్ద సిద్ధాంతము కట్టలేదు.

వేగము తగ్గకుండుటలోని అర్థమును సూత్రము సులభముగ చెప్పును. లోపలనున్న ద్రవ్యరాశి, వేగపు వర్గమును దూరముతో గుణించిన దానికి అనుపాతముగ నుండును. వేగము మారక దూరము రెట్టింపైనచో ద్రవ్యరాశియు రెట్టింపు కావలెను. అనగా వెలుగు ముగిసిన చోట ద్రవ్యము ముగియలేదు. నక్షత్రములు లేని చీకటిలోనికి అది సాగిపోవుచున్నది.

ఒక గెలాక్సీతో శాస్త్రము తృప్తి పడదు. హైడ్రోజన్ వాయువు 21 సెంటీమీటర్ల రేడియో తరంగములను వెలువరించును. ఆ వాయువు నక్షత్రములకంటె మిగుల దూరము వ్యాపించియుండును. నెదర్లండ్స్‌లో బోస్మా 1978 నాటికి అనేక గెలాక్సీల రేడియో పరిశీలనలను కూర్చి, అన్నిటను అదే తీరు నున్నదని చూపెను. 1980లో రూబిన్ బృందము 21 గెలాక్సీల వర్ణపటములతో ఆ మాటనే స్థిరపరచెను. ఈలోగా సిద్ధాంతము కూడ అటే మొగ్గినది. పలుచని బిళ్ళవంటి గెలాక్సీ దానియంతట అది నిలువజాలదనియు, దాని చుట్టు కనబడని ద్రవ్యపు గోళముండవలెననియు 1973లో ఆస్ట్రైకర్, పీబుల్స్ గణించి చూపిరి.

మామూలు పదార్థమే యేమో?

ఇట్టి చోట తొందరపడక ముందుగా సామాన్యమైన కారణములనే వెదకుట శాస్త్రధర్మము. ఆరిపోయిన నక్షత్రములు, గ్రహములవంటి చల్లని గోళములు, కృష్ణబిలములు - ఇవి కూడ కనబడవు గదా? అవియే ఆ ద్రవ్యము కారాదా?

1986లో పచిన్‌స్కీ ఒక పరీక్ష సూచించెను. చీకటి గోళమొకటి దూరపు నక్షత్రమునకు సరిగా అడ్డము వచ్చినపుడు దాని ఆకర్షణ కటకమువలె పనిచేసి, ఆ నక్షత్రపు వెలుగును కొన్నినాళ్ళు హెచ్చించును. 1990 తరువాత పలు బృందములు మెజెలాన్ మేఘములలోని లక్షలకొలది నక్షత్రములను సంవత్సరముల తరబడి కాచి చూచెను. అట్టి మెరుపులు కనబడెను గాని, అవి లెక్కకు చాలలేదు.

రెండవ సాక్ష్యము విశ్వపు తొలి నిమిషముల నుండి వచ్చినది. అప్పుడు పుట్టిన భారజలజని, అనగా డ్యుటీరియం, ఎంత మిగులునో అప్పటి సామాన్య పదార్థపు సాంద్రతయే నిర్ణయించును. నేడు కొలిచిన డ్యుటీరియం పాలును బట్టి చూడగా, పరమాణువులతో నైన పదార్థము మొత్తములో సుమారు 5 శాతమునకు మించదు. కావున మిగిలినది పరమాణువులతో చేయబడినది కాదు. న్యూట్రినోలు చీకటి కణములే యైనను, అవి మిగుల తేలికయై మిగుల వేగముగ పోవుటచేత గెలాక్సీలను కూర్చుటకు పనికిరావు.

గుచ్ఛములు ఢీకొన్న చోట

ఆకర్షణ కాంతిని వంచునని 1919 నాటి సూర్యగ్రహణమున ఎడింగ్టన్ బృందము చూపెను. గెలాక్సీలు కూడ కటకములవలె పనిచేయవలెనని 1937లో జ్వికీయే చెప్పెను. అట్టి కటకము 1979లో మొదటిసారి కనబడెను. దీనివలన మూడవ త్రాసు చేతికి వచ్చినది. ఒక గుచ్ఛము వెనుకనున్న గెలాక్సీల ఆకారములు ఎంత వంకర తిరిగినవో కొలిచి, నడుమ ద్రవ్యము ఎచట ఎంత కలదో పటము గీయవచ్చును. వేగముతో పనిలేదు, వెలుగుతో పనిలేదు.

ఈ త్రాసు గొప్ప తీర్పు నిచ్చినది 2006లో. బుల్లెట్ గుచ్ఛమని పిలువబడు చోట రెండు గుచ్ఛములు ఒకదానినుండి ఒకటి దూసికొని పోయినవి. గెలాక్సీల నడుమ ఎడము హెచ్చుగా నుండుటచేత అవి తాకుకొనక దాటిపోయెను. వాయువు మాత్రము వాయువుతో ఢీకొని వెనుకబడెను. ఆ వాయువును, భారతదేశమున జన్మించిన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేర నెలకొల్పిన చంద్ర ఎక్స్-కిరణ దూరదర్శిని చిత్రించినది. సామాన్య పదార్థములో అధిక భాగము వాయువే కనుక ఆకర్షణయు వాయువున్న చోటనే అధికముగ నుండవలెను. కటకపు పటములో ద్రవ్యమంతయు వాయువును విడిచి గెలాక్సీలతోపాటు ముందుకు సాగియుండెను.

దీని ప్రాముఖ్యము మరియొక వాదమును తలచినచో తెలియును. 1983లో ఇజ్రాయెలుకు చెందిన మిల్‌గ్రోమ్, కనబడని పదార్థము లేదనియు, మిగుల స్వల్పమైన త్వరణముల యెడ న్యూటన్ సూత్రమే మారుననియు ప్రతిపాదించెను. ఇది వల్కన్ కథ చూపిన మార్గము. గెలాక్సీల వేగములను ఈ ప్రతిపాదన చక్కగానే లెక్కించును. అందుచేత దానిని తేలికగా తీసివేయుటకు వీలులేదు. కాని గుచ్ఛముల యెడ అది చాలుటలేదు. కనబడు పదార్థము ఒకచోటను, ఆకర్షణ వేరొకచోటను నున్నపుడు సూత్రమును మార్చుట మాత్రముచేత సమాధానపడుట కష్టము.

శిశు విశ్వపు చిత్రము

1964, 65 సంవత్సరములలో పెంజియాస్, విల్సన్ అను ఇరువురు అన్ని దిక్కులనుండి సమానముగ వచ్చు మందమైన సూక్ష్మతరంగములను కనుగొనిరి. విశ్వము పుట్టిన సుమారు 3 లక్షల 80 వేల సంవత్సరములకు విడుదలయైన కాంతి అది. 1992లో కోబ్ ఉపగ్రహము ఆ కాంతిలో లక్షలో ఒక వంతు మాత్రమే యున్న హెచ్చుతగ్గులను చూపెను. అవియే నేటి గెలాక్సీలకు విత్తనములు. సామాన్య పదార్థము మాత్రమే యున్నచో, ఇంత చిన్న విత్తనములు 1380 కోట్ల సంవత్సరములలో ఇన్ని గెలాక్సీలుగ పెరుగుటకు కాలము చాలదు. కాంతి ఒత్తిడికి లోబడని కృష్ణ పదార్థము ముందుగానే కూడుకొని గుంటలు త్రవ్వి యుంచగా, సామాన్య పదార్థము పిదప వానిలోనికి జారినది.

2001లో ఎగిరిన డబ్ల్యుమాప్, 2009లో ఎగిరిన ప్లాంక్ ఉపగ్రహములు ఆ మచ్చల పరిమాణములను సూక్ష్మముగ కొలిచినవి. సామాన్య పదార్థపు పాలు ఇచటను 5 శాతమే వచ్చినది. డ్యుటీరియం ఇచ్చిన సంఖ్యయు, ఈ సంఖ్యయు వేరువేరు దారుల వచ్చి కలిసికొనుట గమనింపదగినది. మచ్చల పరిమాణమును బట్టి మరియొక సంగతి తెలిసినది. విశ్వమంతటి పదార్థమును శక్తియు కలిసి ఎంత యుండవలెనో ఆ మొత్తము తేలినది. ఆ మొత్తములో పదార్థము సామాన్యము, కృష్ణము కలిపి సుమారు 32 శాతమే. మిగిలిన 68 శాతము ఏమి? ఆ ఖాతాను పూరించు సాక్ష్యము అప్పటికే వేరొక దిక్కునుండి వచ్చియుండెను.

మందగించిన దీపములు

గెలాక్సీలు మననుండి దూరమగుచున్నవనియు, దూరము హెచ్చిన కొలది వేగము హెచ్చుననియు 1929లో హబుల్ చూపెను. పైకి విసరిన రాయి క్రమముగ వేగము తగ్గునట్లు, పరస్పరాకర్షణచేత ఈ వ్యాప్తియు మందగించవలెను. ఎంత మందగించినదో కొలుచుటకు తగిన దీపము కావలెను. దీపము సహజకాంతి తెలిసినచో, కనబడు కాంతిని బట్టి దూరము చెప్పవచ్చును. రెట్టింపు దూరమున దీపము నాలుగవ వంతుగ కనబడును.

ఆ దీపము సిరియస్ తోడు నక్షత్రపు జాతిలోనే దొరకినది. బెస్సెల్ ఊహించిన ఆ మందతార శ్వేత కుబ్జము, అనగా ఇంధనము ముగిసి కుంచించుకొనిపోయిన నక్షత్రము. 1930లో ఇంగ్లండునకు ఓడలో పోవుచు 19 సంవత్సరముల చంద్రశేఖర్, అట్టి నక్షత్రపు ద్రవ్యరాశికి ఒక మితి కలదని గణించెను. ఆ మితి సూర్యుని ద్రవ్యరాశికి సుమారు 1.4 రెట్లు. తోడు నక్షత్రమునుండి పదార్థమును గ్రహించి, లేక మరియొక శ్వేత కుబ్జముతో కలిసి, అట్టి తార అణువిస్ఫోటనమున ప్రేలిపోవుట కలదు. దానికి ఒకటవ-ఎ రకపు సూపర్నోవా యని పేరు. ఇవి అన్నియు సరిగా సమానముగ వెలుగవు. హెచ్చుగ వెలుగునవి మెల్లగ ఆరును. 1993లో ఫిలిప్స్ ఈ సంబంధమును తేల్చిన తరువాత అవి నమ్మదగిన దీపములైనవి.

ఒక గెలాక్సీలో ఇట్టి విస్ఫోటనమునకై శతాబ్దములు వేచియుండవలెను. కాని వేలకొలది గెలాక్సీలను ఒక్కసారి చూచినచో ఎచటనో ఒకటి దొరకక తప్పదు. అమావాస్య దాటిన వెంటనే ఒకసారి, సుమారు మూడు వారములకు మరియొకసారి ఆకాశమును చిత్రించి, రెండవ చిత్రమున క్రొత్తగా వచ్చిన చుక్కను గుర్తించు పద్ధతిని పెర్ల్‌ముట్టర్ బృందము అవలంబించెను. ష్మిట్, రీస్ మొదలగువారి బృందము పోటీగా పనిచేసెను. రెండు బృందములును మందగించు వేగమును కొలువబోయినవే. 1998లో రెండిటికిని విపరీతమైన ఫలితము వచ్చినది. దూరపు సూపర్నోవాలు అనుకొన్న దానికంటె సుమారు 25 శాతము మందముగ, అనగా ఇంకను దూరముగ నుండెను. వ్యాప్తి తగ్గుటలేదు, హెచ్చుచున్నది. పైకి విసరిన రాయి మరింత వేగముతో పైకి పోవుచున్నట్లు!

సందేహములు వెంటనే లేచెను. నడుమ ధూళి యుండి కాంతిని మందగింపజేసెనేమో? ప్రాచీన సూపర్నోవాలే సహజముగ మందమైనవేమో? అట్లయినచో ఇంకను దూరపువి ఇంకను మందముగ కనబడవలెను. 2001 నుండి 2004 వరకు హబుల్ దూరదర్శినితో అట్టివానిని చూడగా అవి ఆ లెక్కకు మించిన కాంతితో నుండెను. దాని భావము: పూర్వము విశ్వవ్యాప్తి మందగించుచునే యుండెను, సుమారు 500 కోట్ల సంవత్సరముల క్రిందట మాత్రమే వేగము పుంజుకొన్నది. ధూళి ఇట్టి మలుపును చూపజాలదు. 2005లో గెలాక్సీల పంపకమున దాదాపు 50 కోట్ల కాంతి సంవత్సరముల పొడవు గల సహజమైన కొలబద్ద కనబడెను. ఆ కొలబద్దయు ఇదే మాట చెప్పినది. 2011లో పెర్ల్‌ముట్టర్, ష్మిట్, రీస్ అను మువ్వురకు నోబెల్ బహుమతి లభించెను.

ఈ మలుపునకు కారణము తేలికగా గ్రహింపవచ్చును. విశ్వము పెరిగిన కొలది పదార్థము పలుచబడును. శూన్యస్థలమునకే స్వంతముగ కొంత శక్తి యున్నచో అది పలుచబడదు. స్థలము పెరిగిన కొలది అదియు పెరుగును. కనుక మొదట పదార్థపు ఆకర్షణదే పైచేయి, పిదప శూన్యశక్తి వికర్షణది. 1917లో ఐన్‌స్టీన్ నిశ్చలమైన విశ్వమును నిలుపుటకై ఇట్టి పదమునొకదానిని తన సమీకరణమున చేర్చి, విశ్వవ్యాప్తి తెలిసిన పిమ్మట 1931లో దానిని విడిచిపెట్టెను. విడిచిన ఆ పదమే వేరొక పనికి తిరిగి వచ్చినది. అయితే అంతటితో చిక్కు తీరలేదు. శూన్యమున నుండవలసిన శక్తిని క్వాంటం సిద్ధాంతముతో స్థూలముగ అంచనా కట్టగా, పరిశీలించిన దానికంటె 1 ప్రక్కన సుమారు 120 సున్నలు పెట్టినంత రెట్లు హెచ్చుగ వచ్చుచున్నది. భౌతికశాస్త్రమున ఇంతటి పొరపాటు వేరొకటి కానరాదు.

నెప్ట్యూనా, వల్కనా?

కృష్ణ పదార్థము విషయమున సాక్ష్యము నెప్ట్యూన్ వైపే మొగ్గుచున్నది. గెలాక్సీల భ్రమణము, గుచ్ఛముల వేగములు, కటకములు, డ్యుటీరియం, శిశు విశ్వపు మచ్చలు - ఒకదానితో ఒకటి సంబంధము లేని ఐదు సాక్షులు ఒకే లెక్క చెప్పుచున్నవి. ఒక సాక్షి తప్పినను తక్కినవి నిలుచును. కాని నెప్ట్యూన్‌ను గాలె కంటితో చూచెను. కృష్ణ పదార్థపు కణమును ఇంతవరకు ఎవరును పట్టలేదు. అమెరికాలో దక్షిణ డకోటాయందు సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల లోతున, దాదాపు 10 టన్నుల ద్రవరూప జినాన్ వాయువును తొట్టిలో నింపి కాచి చూచుచున్నారు. అట్టి కణమొకటి తాకిన సూచన 2025 వరకు ప్రకటింపబడిన ఫలితములలో లేదు. మన దేశమున ఝార్ఖండ్‌లోని జాదుగూడ యురేనియం గనిలో దాదాపు 550 మీటర్ల లోతున ఇట్టి అన్వేషణలకై 2017లో ప్రయోగశాల ఏర్పడినది.

కృష్ణ శక్తి విషయమున తీర్పు ఇంకను రాలేదు. రూబిన్, ఫోర్డ్ దేవయానిని పరిశీలించిన అమెరికాలోని కిట్ పీక్ కొండమీదనే డెసి అను యంత్రము లక్షలకొలది గెలాక్సీల వర్ణపటములను కొలుచుచున్నది. కృష్ణ శక్తి స్థిరముగ నుండక కాలక్రమమున బలహీనపడుచున్నదేమో యను సూచనలు 2024, 2025 సంవత్సరములలో ఆ కొలతలనుండి వచ్చినవి. అది నిజమైనచో ఐన్‌స్టీన్ పదము చాలదు. కాని సూచన వేరు, నిర్ధారణ వేరు, కొలతలింకను సాగవలెను.

వెరా రూబిన్ 2016లో మరణించెను. చిలీ దేశపు కొండమీద ఆమె పేర నిర్మించిన వేధశాల 2025 జూన్‌లో తన తొలి చిత్రములను ప్రకటించినది. దక్షిణాకాశమును మరల మరల చిత్రించి, కటకపు వంకరలను, సూపర్నోవాలను లెక్కించుట దాని పనులలో ముఖ్యమైనవి.

కృష్ణ పదార్థము, కృష్ణ శక్తి అను పేరులు వివరణలు కావు; లెక్కలో మిగిలిన శేషములకు పెట్టిన గుర్తులు. కాని శేషము ఎంతయో ఖచ్చితముగ తెలియుట అజ్ఞానము కాదు. యురేనస్ నడకలోని స్వల్పమైన తేడాను లెక్క పొరపాటని త్రోసివేసినచో నెప్ట్యూన్ దొరకెడిది కాదు. బుధుని నడకలోని 43 వికలలను ఉపేక్షించినచో ఐన్‌స్టీన్ సిద్ధాంతమునకు తొలి సాక్ష్యము దొరకెడిది కాదు. ప్రయోగశాలలో విద్యార్థి లెక్కకు పుస్తకపు జవాబుతో పొంతన కుదరనపుడు దానిని చెరిపి సరియైన సంఖ్య వ్రాయుట కద్దు. విశ్వములో 95 శాతము ఉన్నదని మనకు తెలిసినది, అట్లు చెరుపక నిలిపిన లెక్కలవలననే.